వీడెకాంప్ గీకేసిన ముఖం

రిపోర్టులో దేదీప్య రాసిన అబద్ధం ఒక్కటే మాట. "ముఖభాగంలో రంగు నష్టం" అని రాసింది. అది నష్టం కాదని రాసేటప్పటికే ఆమెకు తెలుసు.

పాత చిత్రాలు బాగుచేసే ఆమె దగ్గరికి ఆ బొమ్మ జనవరి మొదటివారంలో వచ్చింది. చక్రపాణి, రేణు దంపతులు దాన్ని పాత దుప్పటిలో చుట్టి, కారు వెనకసీట్లో కూర్చోబెట్టి, సీటుబెల్టు పెట్టి మరీ తీసుకొచ్చారు. చక్రపాణి మిషిగన్ రాష్ట్రం ట్రాయ్‌లో ముప్పై ఏళ్లు కార్ల తలుపులు డిజైన్ చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు ఆయన వ్యాపకం ఎస్టేట్ సేల్స్. ఎక్కడో ఎవరో పోతారు, పిల్లలు ఇంట్లో సామానంతా అమ్మకానికి పెడతారు, శనివారం పొద్దున్నే ఈయన మొదటి మనిషిగా ఆ గుమ్మంలో నిలబడతాడు.

"చూడమ్మా, నూటయాభై ఏళ్లనాటి సరుకు," అన్నాడు దుప్పటి విప్పుతూ. "ఆ ఇంటివాళ్లకి ఇదేంటో కూడా తెలీదు. గిన్నెల పక్కన పడేశారు."

"నేను పంపింది గిన్నెలకే," అంది రేణు. "ఈయన తల లేని మనిషిని తెచ్చారు."

"తల ఉందోయ్. ముఖం లేదంతే."

"ఆహా, ఎంత తేడా. డైనింగ్ రూమ్‌లో తగిలించారమ్మా. మొన్న మా కోడలు నైనిక వాళ్ల అమ్మానాన్న భోజనానికొచ్చారు. ఆ వియ్యపురాలు సరిగ్గా దీనికి ఎదురుగా కూర్చుంది. ఒక్క ముద్ద దిగితే ఒట్టు. చివరికి కంచం పట్టుకుని లేచొచ్చి ఇటువైపు కూర్చుంది. అవయవం లేని బొమ్మ ఇంట్లో ఉండకూడదని లోకంలో అందరికీ తెలుసు, ఈయనకి తప్ప."

దేదీప్య బొమ్మను ఈజిల్ స్టాండు మీద పెట్టింది. అడుగున్నర ఎత్తు ఓక్ చెక్క పలక మీద వేసిన తైలవర్ణచిత్రం. పరదా కట్టిన కిటికీ పక్కన ఒక స్త్రీ పీట మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఒళ్లో మట్టిగిన్నె. వెనక గోడకి సొట్టపడిన రాగి చెంబు. చిత్రకారుడు దేన్నీ వదల్లేదు. ఒలిచిన కాయలోపలి తెల్లటి పొర, గోరు కింద చేరిన పచ్చదనం, ఒక భుజం రెండోదానికన్నా కొంచెం కిందికి దిగి ఉండటం, అన్నీ ఉన్నాయి. ముఖం ఉండాల్సిన చోట మాత్రం కోడిగుడ్డంత మేర చెక్క బయటపడి, దాని గీతలు కనిపిస్తున్నాయి.

"ముఖం ఎలా ఉండేదో మనకి తెలీదు కదా ఆంటీ," అంది దేదీప్య.

"ఎలా ఉంటే ఏంటమ్మా. రెండు కళ్లు, ఒక ముక్కు. ఎవరి పోలికా రాకుండా వేసెయ్. పోలిక వస్తే మళ్లీ అదో గొడవ."

"ఆరు వారాలు పడుతుంది."

"తలుపు డిజైనుకే నాకు నాలుగేళ్లు పట్టేది," అన్నాడు చక్రపాణి. "ముఖానికి ఆరు వారాలంటే లెక్కలోది కాదు."

వాళ్లు వెళ్లాక దేదీప్య పలకను మైక్రోస్కోప్ కింద పెట్టింది. ఆమె స్టూడియో ఒకప్పుడు కార్ల విడిభాగాలకు అచ్చులు పోసిన షెడ్డు. పైకప్పు దగ్గర ఉత్తరం వైపు తిరిగిన పెద్ద అద్దాల కిటికీలుంటాయి. మిషిగన్ చలికాలంలో వాటిగుండా వచ్చే వెలుతురు రోజంతా ఒకేలా ఉంటుంది. మధ్యాహ్నం ఎప్పుడైందో, సాయంత్రం ఎప్పుడైందో గోడలు చెప్పవు. పదకొండేళ్లుగా ఆమె ఆ వెలుతురులో కన్సర్వేటర్‌గా ఒంటరిగా పాత బొమ్మలు బాగుచేస్తోంది. ఒంటరితనం ఆమెకు కష్టంగా తోచలేదు. ఎవరైనా పక్కన కూర్చుంటేనే చెయ్యి తడబడేది.

ఎండిపోయిన రంగు రాలితే అంచులు పెంకుల్లా విరుగుతాయి. ఇక్కడ విరగలేదు. ఆ కోడిగుడ్డంత ఖాళీ అంచు పొడవునా రంగు మెత్తగా మడతపడి ఉంది, వెన్న మీద చాకు లాగినట్టు. మెడ దగ్గర కాలరు తెల్లరంగు కొంచెం ముందుకొచ్చి, బయటపడిన చెక్క మీదికి పాకింది. అంటే చిత్రకారుడు ముఖం వేశాడు. తడి ఆరకముందే గీకేశాడు. ఆ తరవాత నింపాదిగా కూర్చుని కాలరు వేశాడు, గిన్నె వేశాడు, మూల సంతకం పెట్టాడు. అతని దృష్టిలో బొమ్మ ఇలాగే పూర్తయింది.

ఆమె వృత్తిలో దీనికి ఒకటే నియమం. కాలం చెరిపినదాన్ని పూరించవచ్చు, చిత్రకారుడు చెరిపినదాన్ని ముట్టుకోకూడదు. చదువుకున్న మొదటి ఏడాదిలో చెప్పే పాఠం అది. అయినా రిపోర్టులో "నష్టం" అని టైపు చేసింది. రేణు ఆంటీ బాధపడుతుందని తనకు తాను చెప్పుకుంది. అది కారణం కాదని కూడా ఆమెకు తెలుసు. ఆ ఖాళీని చూసిన మొదటి క్షణంలోనే ఏదో పాత పరిచయం కదిలింది. పేరు గుర్తురాని మనిషి ఎదురుపడి నవ్వినప్పుడు కలిగే ఇబ్బందిలాంటిది. ఆ ఇబ్బందిని పోగొట్టుకోవాలంటే అక్కడ ఒక ముఖం కావాలి.

చిత్రకారుడి పేరు ఆల్బ్రెష్ట్ వీడెకాంప్. జర్మనీలో అతని కాలంలో పిల్లలున్న ప్రతి ఇంట్లో అతని బొమ్మల కాగితాలు ఉండేవట. పేజీకి ఎనిమిది బొమ్మలు, కింద రెండేసి వరసల పాట. పిండిలో పడ్డ రొట్టెలవాడు, సాసేజీలు దొంగిలించిన పిల్లి. ముఖానికి రెండు చుక్కలు, ఒక గీత. ఆ మూడింటితోనే కోపం, ఏడుపు, దొంగతనం అన్నీ పలికించేవాడు. తైలవర్ణచిత్రాలు వేస్తాడని బతికుండగా బయటివాళ్లెవరికీ తెలియదు. పోయాక అటకమీద ఇరవయ్యారు పలకలు దొరికాయి. వంటిళ్లు, మెట్లు, దండెం మీద బట్టలు, పని చేసుకుంటున్న ఆడవాళ్లు. ఉన్నదాన్ని ఉన్నట్టు వేసిన బొమ్మలు, వాటిలో హాస్యం మచ్చుకైనా లేదు. స్త్రీ ఉన్న ప్రతి పలకలోనూ ముఖం గీకేసి ఉంది. చుక్కలకు అలవాటుపడిన చెయ్యికి నిజమైన ముఖం లొంగలేదని పుస్తకాల్లో రాశారు. బఠాణీకాయ లోపలి నీడను పట్టుకున్నవాడికి ముక్కు లొంగలేదంటే దేదీప్యకు నమ్మబుద్ధి కాలేదు. ఆ పట్టణంలోని చిన్న మ్యూజియానికి ఉత్తరం రాసి, అతని లేఖలేమైనా ఉంటే పంపమని అడిగింది.

ఫిబ్రవరి మొదట్లో పని మొదలుపెట్టింది. ఇలాంటి పనికి వాడే రంగులు వేరు. అవి ఆల్కహాల్ తగిలితే ఎప్పుడైనా కరిగిపోతాయి, రేపు ఇంకొకరు వచ్చి తీసేయగలిగేలా. బొమ్మలో నిజంగానే రంగు రాలిన చిన్న చిన్న చోట్లతో చెయ్యి అలవాటు చేసుకుంది. పరదా మీద ఒక చుక్క, రాగి చెంబు అంచున ఇంకొకటి. తరవాత గడ్డం దగ్గర మొదలుపెట్టింది. ఎవరి పోలికా లేని గడ్డం.

పదింటికి కూర్చున్నట్టు గుర్తుంది. తల ఎత్తేసరికి పార్కింగ్ లాట్‌లో దీపాలు వెలిగి ఉన్నాయి. టీ మీద తెట్టు కట్టింది. దవడ, ఒక చెంప తయారయ్యాయి. బ్రష్ ముట్టుకుంటే పొడిగా ఉంది. ఎప్పుడో కడిగి ఆరబెట్టినట్టుంది.

రెండోరోజూ అంతే, మూడోరోజూ అంతే. పనిలో మునిగిపోవడం ఆమెకు కొత్త కాదు. కానీ మునిగినవాడికి నీళ్లు గుర్తుంటాయి. ఇక్కడ ఏమీ గుర్తులేదు. ఐదోరోజు పొద్దున తలుపు తీసి, కోటు కూడా విప్పకుండా ఈజిల్ ముందు నిలబడిపోయింది. ముఖం పూర్తయి ఉంది. కళ్లు తాను ఎప్పుడు వేసిందో ఎంత ఆలోచించినా తట్టలేదు.

ఆ స్త్రీ తల కొంచెం ముందుకు వంచి, కనుబొమల కిందనుంచి ఎదుటివాళ్ల నుదుటి పైకి చూస్తోంది. ఏదో వంకర పోయిందా, సరిగ్గా వచ్చిందా అని పరీక్షిస్తున్న చూపు. దేదీప్య చెయ్యి తనంతట తాను లేచి పాపిడి తడుముకుంది.

అమ్మ.

ఆమెకు ఏడేళ్లప్పుడు అమ్మ కామెర్లతో పోయింది. ఆ తరవాత తెనాలి స్టూడియోలో ఒక పెళ్లి ఫొటోలోంచి అమ్మను విడదీసి, పెద్దది చేసి, పెదాలకు రంగు వేసి ఇచ్చారు. గోడమీదున్న ఆ ఫొటో కొద్ది నెలల్లోనే అసలు ముఖాన్ని మింగేసింది. అమ్మను తలుచుకుంటే ఫొటో వచ్చేది. మిగిలినవి వేరే చోట విడివిడిగా ఉండేవి. జడ వేస్తున్నప్పుడు దువ్వెన పళ్లు, కొబ్బరినూనె, పాపిడి తిన్నగా వచ్చిందో లేదో చూడటానికి అమ్మ వెనకనుంచి తలమీదుగా వంగినప్పుడు నుదుటికి తగిలే ఊపిరి. ఆ వంగిన ముఖం మాత్రం ఇరవయ్యేడేళ్లలో ఒక్కసారీ రాలేదు. కలలో కూడా అమ్మ వెనకే ఉండేది. పలక మీదున్న స్త్రీకి ఫొటోతో ఏ పోలికా లేదు. ముక్కు వేరు, చెంపలు వేరు. అయినా దేదీప్యకు సందేహం కలగలేదు. అడగడానికి సాక్షులెవరూ లేకపోవడం కూడా ఆమెకు బాగానే అనిపించింది.

మూడు రోజులు ఆమె ఏ పనీ చెయ్యలేదు. లోపల గడియ పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. అన్నం అక్కడే తింది. రెండోరోజు మధ్యాహ్నం తాను ఎక్కడ కూర్చుందో గమనించి కొంచెం ఉలిక్కిపడింది. నేలమీద, ఈజిల్ కాళ్లకు ఆనుకుని, బొమ్మకు వీపు పెట్టి, జుట్టు విప్పుకుని కూర్చుని ఉంది.

గురువారం రేష్మ వచ్చింది. వరంగల్ పిల్ల. దేదీప్యతోపాటే మాస్టర్స్‌కి అమెరికా వచ్చి, ఇప్పుడు కెమెరాలు, దీపాలు కారులో వేసుకుని మూడు మ్యూజియాలకు బొమ్మల ఫొటోలు తీసిపెడుతుంది. రిపోర్టులో పెట్టాల్సిన ఫొటోల కోసం నెల కిందటే బుక్ చేసిన అపాయింట్‌మెంట్ అది. దేదీప్య మరిచిపోయింది.

"ఏందే, డోర్ లాక్ చేసుకున్నవ్? ఆ జుట్టేంది? ఇంటికి పోతున్నవా లేదా అసలు?"

"పోతున్నా. రా."

రేష్మ పరదాలు దించి అతినీలలోహిత దీపం వెలిగించింది. ఆ వెలుగులో పాత వార్నిష్, పాత రంగు పాచి నీళ్లలా లేత ఆకుపచ్చగా మెరుస్తాయి. ఈ మధ్య వేసిన రంగు ఎంత చిన్నదైనా నల్లటి మచ్చలా బయటపడుతుంది. ఎవరు ఎక్కడ చెయ్యి పెట్టారో ఆ దీపం దగ్గర దాగదు.

"ఫిల్ చేసినా అన్నవ్ కదా. ఎక్కడ?"

"ముఖం మొత్తం."

"నాకైతే కనిపిస్తలేదు."

దేదీప్య దగ్గరికొచ్చి చూసింది. పరదా మీద తాను పెట్టిన చుక్క నల్లిలా నల్లగా ఉంది. చెంబు అంచున పెట్టిందీ అంతే. ముఖం మాత్రం చేతులూ, కాలరూ, గిన్నే ఎలా మెరుస్తున్నాయో అలాగే ఆకుపచ్చగా మెరుస్తోంది.

"ఇది ఒరిజినల్, దీపూ. వార్నిష్ క్లీన్ చేస్తుంటే కిందికెల్లి బయటపడ్డది, అంతే. నువ్వు లక్కీ. పేపర్ రాయ్ దీనిమీద."

"కింద చెక్క ఉంది. జనవరిలో నువ్వే ఫొటో తీశావు."

రేష్మ లాప్‌టాప్ తెరిచి వెతికింది. జనవరి ఫొటో వచ్చింది. మెడ మీద కోడిగుడ్డంత చెక్క, దాని గీతలు. ఆమె చాలాసేపు దాన్నీ దీన్నీ మార్చి మార్చి చూసింది.

"సెట్టింగ్స్‌ల ఏమన్నా తేడా వచ్చిందేమో."

"అప్పటి సెట్టింగ్స్‌లోనా, ఇప్పటి వాటిలోనా?"

రేష్మ దీపం ఆర్పి, పరదాలు ఎత్తి, వైర్లు గబగబా చుట్టడం మొదలుపెట్టింది. ఎప్పుడూ పనయ్యాక కాఫీ అడిగే మనిషి ఈసారి అడగలేదు. గుమ్మం దగ్గర ఆగి, మంకీక్యాప్ చెవుల మీదికి లాక్కుంది.

"ఆమె గట్ల నా నెత్తి దిక్కు ఎందుకు చూస్తున్నది దీపూ?"

ఆమె వెళ్లాక దేదీప్య పుల్లకు దూది చుట్టి, ఆల్కహాల్‌లో ముంచి, ముందు పరదా మీద చుక్కను తుడిచింది. దూది గోధుమరంగుకు తిరిగింది. చుక్క పోయింది. కొత్త దూది తీసుకుంది. ముఖం తన రంగుతో వేసిందే అయితే, ఒక్క తుడుపుకు ఆ కళ్లు పోతాయి. మళ్లీ వేయడం తనకు చేతకాదు. ఎలా వేసిందో తనకే తెలియదు. దవడ అంచున, జుట్టు నీడలో, దూదిని అర అంగుళం దొర్లించింది. దూది తెల్లగానే ఉంది. కణత దగ్గర దొర్లించింది. తెలుపు. పెదవి మూల. తెలుపు.

కుర్చీలో కూలబడింది. రెండు పరీక్షలూ ఒకే మాట చెప్పాయి. ఇది వీడెకాంప్ వేసిన ముఖం. "శుభ్రపరిచే క్రమంలో అసలు ముఖం బయటపడినది" అని ఒక వాక్యం రాస్తే చాలు, ఏ నిపుణుడూ కాదనలేడు. జనవరి ఫొటో తప్పని రేష్మే రాసిస్తుంది. అమ్మ ముఖం ట్రాయ్‌లో ఒక డైనింగ్ రూమ్ గోడమీద, తలుపు తట్టి అడిగితే చూడగలిగేంత దగ్గర్లో, ఎప్పటికీ ఉంటుంది. అబద్ధం దానంతటదే నిజమై కూర్చుంది. ఆమెకు అంత సంతోషం ఎన్నడూ కలగలేదు. ఆ సంతోషం అడుగున కాళ్లకింద నేల లేదని కూడా తెలుస్తూనే ఉంది.

మర్నాడు శుక్రవారం. నాలుగింటికి చక్రపాణి దంపతులు బొమ్మ తీసుకుపోవడానికి వస్తారు. పొద్దున ఇండియన్ షాపు ముందు కారాపి, కరివేపాకు కొత్త సరుకు దించేదాకా ఆగుతూ, దేదీప్య కళ్లు మూసుకుంది. అమ్మను తలుచుకుందామనుకుంది. ఇప్పుడు తన దగ్గర ముఖం ఉంది కదా.

పలక వచ్చింది.

చెక్క అంచులతో సహా వచ్చింది. వార్నిష్ మెరుపు, ఒళ్లో గిన్నె, గోడకి చెంబు. ఆ ముఖం వాటితో సమానంగా, కదలకుండా, చదునుగా ఉంది. కంగారుగా దువ్వెన పళ్లను తలుచుకుంది. రాలేదు. కొబ్బరినూనె వాసన కోసం వెతికితే స్టూడియోలోని వార్నిష్ రెసిన్ వాసన తగిలింది. నుదుటికి తగిలే ఊపిరి, ఇరవయ్యేడేళ్లుగా ఎప్పుడు పిలిచినా పలికిన ఒకే ఒక్కటి, అదీ లేదు. ఇంట్లో దొంగలు పడ్డారని తెలిసినవాడు గదులన్నీ తిరిగినట్టు ఆమె లోపలంతా తిరిగింది. అన్నీ ఆ పలకమీదికి తరలిపోయాయి. తెనాలి స్టూడియోవాడు చేసిన పనే తానూ చేసింది. వాడు కనీసం ఆ ఊపిరిని వదిలేశాడు.

ఫోన్ మోగింది. జర్మనీనుంచి మెయిల్. మ్యూజియంవాళ్లు వీడెకాంప్ తన తమ్ముడికి రాసిన ఉత్తరం ఒకటి దొరికిందని, యంత్రం చేసిన అనువాదంతో పంపారు. కారులోనే చదివింది.

"నాకోసం కూర్చునేది నేను అద్దెకున్న ఇంటివాళ్ల వంటమనిషి. లావుపాటి మనిషి, ఎత్తుపళ్లు. బొమ్మలోకి వచ్చేది ఆమె కాదు. ఎప్పుడు వేస్తానో నాకు తెలియదు, పొద్దున వచ్చి చూస్తే ఉంటుంది. ఎవరో నీకు చెప్పక్కర్లేదు, మనిద్దరినీ ఒకే ఒళ్లో పెట్టుకున్న మనిషి. మూడు రోజులు నా అంత సుఖపడినవాడు ఉండడు. నాలుగో రోజు కళ్లు మూసుకుంటే ఆమె రాదు, పలక వస్తుంది. అందుకని ఆరకముందే గీకేస్తాను. గీకితే చలికాలానికి మళ్లీ వస్తుంది. ఒకసారి మాత్రం మనసొప్పక ఆరనిచ్చాను. ఆ బొమ్మ ఇప్పుడూ నా గోడమీద ఉంది. అందులో ఉన్నది ఎవరో నాకు తెలియదు."

కరివేపాకు తీసుకోకుండానే ఆమె స్టూడియోకి డ్రైవ్ చేసింది.

పలకను ఈజిల్ మీదనుంచి దించి బల్లమీద పరిచింది. చిన్న చాకు తీసుకుంది. దాన్ని పట్టుకుని అలాగే నిలబడి ఉండగా గడియారం మూడు దాటింది. చెయ్యి కదలలేదు. దీపం, దూది చెప్పింది నిజమైతే, తాను నూటయాభై ఏళ్ల చిత్రాన్ని చాకుతో ధ్వంసం చెయ్యబోతోంది. తన వృత్తిలో ఇంతకు మించిన నేరం లేదు. తాను మైక్రోస్కోప్‌లో చూసింది నిజమైతే, అక్కడ చెక్క తప్ప ఏమీ లేదు. ఈ రెంటిలో దేన్ని నమ్మాలో చెప్పే పరీక్ష మూడోది లేదు. ఆరిపోతే మాత్రం ఈ స్త్రీ ఎవరో రేపు తనకు కూడా తెలియకపోవచ్చు.

పదకొండేళ్లలో ఎప్పుడూ చెయ్యని పని చేసింది. చేతి తొడుగు తీసి, చూపుడువేలితో బొమ్మ చెంపను ముట్టుకుంది.

తడిగా ఉంది. నిన్న ఆల్కహాల్‌కు కదలని రంగు ఇప్పుడు వేలికి అంటుకుంది. గోరువెచ్చగా ఉన్నట్టు కూడా తోచింది. వేడి తన వేలిదే అయ్యుంటుంది.

బొమ్మలోని స్త్రీ తల దేదీప్య వైపుకు, పాదాలు అటు వైపుకు ఉన్నాయి. గడ్డం దగ్గర చాకు ఆనించి తన వైపుకు లాగింది. రంగు వెన్నలా చుట్టచుట్టుకుంది. కింద ఓక్ చెక్క గీతలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. పెదవులు పోయాయి. ముక్కు పోయింది. కళ్ల దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆ ముఖాన్ని ఆమె ఇన్ని రోజులూ నిటారుగానే చూసింది. ఇప్పుడు తలకిందులుగా, కళ్లూ నుదురూ మాత్రమే మిగిలి, పైనుంచి తన మీదికి వంగినట్టు ఉంది. జడ వేస్తూ అమ్మ వంగేది ఇలాగే. ఎడమ కనుబొమలో చిన్న గాటు. ఆ గాటును తాను వేయలేదు. నుదుటికి ఊపిరి తగిలింది. దేదీప్య కళ్లు మూసుకుని చాకును చివరిదాకా లాగింది.

ఆ తరవాత చాకు తుడిచి, కంప్యూటర్ ముందు కూర్చుని, రిపోర్టులో ఆ ఒక్క మాట కొట్టేసింది. "చిత్రకారుడు స్వయంగా, తడిగా ఉండగానే గీకినది. పూరించిన ముఖాన్ని కన్సర్వేటర్ కూడా, ఈ రోజు, అదేవిధంగా గీకినది" అని రాసింది. చదివితే పిచ్చిదాని రాతలా ఉంది. అలాగే ప్రింట్ తీసింది.

నాలుగింటికి వాళ్లు వచ్చారు. చక్రపాణి బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికొచ్చి, ఈజిల్ మీదికి చూసి, భార్యవైపు చూసి, మళ్లీ ఈజిల్ మీదికి చూశాడు.

"ఏంటమ్మా ఇది. తెచ్చినప్పుడెలా ఉందో అలాగే ఉంది."

"వేశానంకుల్. ఇవాళే తీసేశాను."

"బాగా రాలేదా?"

"పూర్తిగా వచ్చేసింది. అందుకే తీసేశాను. ముఖం కావాలంటే ఇంకెవరైనా వేస్తారు, నేను వెయ్యకూడదు. అతను కావాలనే గీకాడు. ఆ సంగతి నాకు మొదటిరోజే తెలుసు. మీకు చెప్పలేదు, తప్పు నాది. అంతా ఇందులో రాశాను."

చక్రపాణి కాగితం తీసుకుని, కళ్లజోడు నుదుటిమీదికి తోసి, రెండుసార్లు చదివాడు. "నేను తలుపు సరిగ్గా బిగిసిందని ఊడదీసుంటే నన్ను అదే రోజు ఇంటికి పంపేవాళ్లు," అన్నాడు. కోపం తెచ్చుకోవాలని చూసినట్టున్నాడు, కుదరలేదు. "నువ్వు కాస్త రెస్ట్ తీసుకోమ్మా. మొహం చూడు, ఎలా అయిపోయిందో."

గొడవ పెట్టాల్సింది రేణు. దేదీప్య దానికి సిద్ధపడే ఉంది. కానీ ఆమె కిటికీకీ ఈజిల్‌కీ మధ్య, హ్యాండ్‌బ్యాగ్ రెండు చేతుల్తో పట్టుకుని, ఆ చెక్క కనిపిస్తున్న చోటుకేసి చూస్తూ నిలబడింది. మంచు వెలుతురు ఆమె వీపు మీద పడి ఆగిపోతోంది. కొంచెంసేపటికి ఆమె కోటు అంచు దగ్గరికి లాక్కుని, రెండడుగులు పక్కకి జరిగింది. సినిమా హాల్లో వెనకవాళ్లకి అడ్డమొచ్చామని తెలిసినప్పుడు జరిగినట్టు, భుజాలు ముడుచుకుని జరిగింది. ఆగిన వెలుతురు మళ్లీ బొమ్మ మీద, ఒలుస్తున్న బఠాణీల మీద పడింది.

"ఏంటోయ్?" అన్నాడు చక్రపాణి.

"అడ్డంగా ఉన్నాను కదా," అంది రేణు.

అన్నాక ఎవరికి అడ్డమో ఆమెకే అర్థం కానట్టు, ఈజిల్ వంకా, కిటికీ వంకా, చివరికి దేదీప్య వంకా చూసింది.